పత్తర్‌గట్టి: నూరేళ్ల కిందటి నడక వీధి

ఇల్లు, దుకాణం, పనిచోటు కాలినడక దూరంలోనే ఉండే పేటలు కట్టాలన్న మాట హైదరాబాదులో వచ్చినప్పుడల్లా పరదేశపు పట్టణాలే ఉదాహరణలుగా వినిపిస్తాయి. అలాంటి వీధిని, చార్మినార్ దగ్గరి పత్తర్‌గట్టిని, ఈ నగరంలో సర్కారే నూరేళ్ల నాడు కట్టించిందన్న సంగతి మరుగున పడటం విచారకరం.

1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా స్థాపించిన నగరానికి నాలుగు దారులు కలిసే చోట చార్మినార్ నిలిచింది. ఆ దారుల వెంట దుకాణాలు, వెనుక గల్లీల్లో ఇళ్లు, కార్ఖానాలు పెరిగాయి. లాడ్‌బజారు గాజుల పని ఆ అల్లికకు నేటికీ సాక్ష్యం: బొగ్గుల కుంపటి మీద లక్కను మెత్తబరిచి, సాగదీసి, గుండ్రంగా వంచి, రాళ్లు పొదిగే పనివారి గదులు అమ్మే కొట్లకు నడక దూరంలోనే ఉన్నాయి.

1908 సెప్టెంబరు 28న వచ్చిన మూసీ వరద వేలమంది ప్రాణాలు తీసింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఎగువన జలాశయాలు కట్టగా, నగరం లోపలి రోడ్లు, మురుగుకాలువలు, ఇళ్ల బాగు కోసం 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. చార్మినార్ నుంచి మూసీ వైపు వెళ్లే ప్రధాన వీధిని వెడల్పు చేసి, ఆ బోర్డు కట్టించినదే పత్తర్‌గట్టి. రాతి కమాన్లు వరుసగా సాగుతాయి. వాటి వెనుక నీడపట్టున నడిచే వసారా, వసారాను ఆనుకొని దుకాణాలు, పై అంతస్తులో నివాసాలు. ఎండా వానా తగలకుండా కొట్టు నుంచి కొట్టుకు నడిచిపోయే ఈ ఏర్పాటులో కమాను కేవలం అలంకారం కాదు, వీధికి గొడుగు. ఈ విస్తరణ కోసం పాత ఇళ్లు కూల్చారన్నదీ మరువరాదు. అయినా తొలగించిన చోట ఖాళీ రోడ్డు ఒక్కటే మిగల్చక, వ్యాపారాన్నీ నివాసాన్నీ మళ్లీ వీధి అంచునే నిలిపిన వివేకం ఆ బోర్డుది.

తర్వాతి ప్రణాళికలు వేరే దారి పట్టాయి. 1975 నాటి మాస్టర్ ప్లాన్‌తో నివాస, వాణిజ్య, పారిశ్రామిక ప్రాంతాలను వేరువేరుగా ఉంచే విభజన స్థిరపడింది. 2012 నాటి జి.ఓ. (ప్రభుత్వ ఉత్తర్వు) 168 వంటి భవన నిబంధనలు రోడ్డు వెడల్పును, భవనం ఎత్తును బట్టి ముందూ పక్కలా ఖాళీ స్థలం వదలమన్నాయి. అగ్నిమాపక వాహనం తిరగడానికీ గాలీ వెలుతురు రావడానికీ అవి అవసరమే. కానీ ప్రతి భవనమూ రోడ్డు నుంచి వెనక్కి జరిగి, ముందరి జాగా వాహనాల నిలుపుదలకు పోతే, వసారాల వరుస ఎక్కడా కుదరదు. అంటే పత్తర్‌గట్టి లాంటి వీధిని నేడు కొత్త లేఅవుటులో యథాతథంగా కట్టబోతే, ముందుగా అడ్డుపడేది మన నిబంధనలే.

చార్మినార్ చుట్టూ వాహనాలు ఆపి రాతి పలకలు పరిచిన పాదచారుల పథకం మేలైనదే. అయితే అది కట్టడం చుట్టూ ఉన్న జాగాకే పరిమితం. కొత్త పేటలకు కావలసింది నిబంధనల్లో మార్పు: వీధి అంచున అందరూ నడిచే వసారా కట్టిన యజమానికి ముందు ఖాళీ స్థలం నుంచి మినహాయింపు, కింద దుకాణం ఉంటే పైన నివాసానికి తప్పనిసరి వాటా, ఆ వసారాను ఎవరూ ఆక్రమించకుండా చూసే పురపాలక బాధ్యత.