లాగౌట్ అయితే వీఎం ఎందుకు ఆగిపోయిందంటే

పిల్లలూ,

మొన్న ఫోన్‌లో అడిగారు కదా, రాత్రి వీఎం (వర్చువల్ మిషన్, అంటే కంప్యూటర్ లోపల నడిచే ఇంకో కంప్యూటర్) ఆన్‌లోనే ఉంచి లాగౌట్ అయితే పొద్దున్నకి ఆగిపోయి ఉందేంటని. అప్పుడు సగమే చెప్పాను, మిగతాది ఇదిగో.

వీఎంలు నడిపే ప్రోగ్రామ్ వర్చువల్‌బాక్స్‌లో స్టార్ట్ నొక్కితే లోపల వేరే కంప్యూటరే నడుస్తున్నట్టు ఉంటుంది గానీ, బయటి మిషన్ లెక్కలో అది మీ పేరు మీద నడిచే మామూలు ప్రోగ్రామే, బ్రౌజర్ లాంటిదే. మీరు సైన్ ఔట్, అంటే లాగౌట్, అనగానే విండోస్ మీ సెషన్‌లో (మీరు లాగిన్ అయ్యాక తెరిచినవాటిలో) ఉన్నవన్నీ మూసేస్తుంది. లోపలి వీఎంకి మాత్రం అది ఉన్నట్టుండి కరెంటు పోవడమే. ఒకసారి నేను డేటాబేస్‌లోకి డేటా ఎక్కిస్తూ, అలవాటు కొద్దీ లాగౌట్ కొట్టి పడుకున్నాను. లేచి చూస్తే వీఎం పేరు కింద 'అబార్టెడ్' అని ఉంది, ఆన్ చేస్తే డిస్కు చెక్ చేసుకుంటూ కూర్చుంది, ఎక్కించిన డేటా సగంలో తెగిపోయింది. ఎవరిని తిట్టాలి, నన్ను నేనే తిట్టుకున్నాను.

అసలు మీకు లాగౌట్ అవసరమా? స్క్రీన్ ఎవరి కంటా పడకూడదు, అంతేనా? అయితే విండోస్ కీతో పాటు ఎల్ నొక్కి లాక్ చేయండి, సెషన్ అలాగే ఉంటుంది. రిమోట్ డెస్క్‌టాప్ విండో మూసినా మామూలుగా డిస్‌కనెక్ట్ అవుతుందే తప్ప సైన్ ఔట్ కాదు. సగం మంది టెన్షన్ ఇక్కడితో తీరిపోతుంది.

లేదు, లాగౌట్ అవ్వాల్సిందే అంటే, వీఎంని మీరు కాకుండా మిషన్ తాలూకు సర్వీసు (ఎవరూ లాగిన్ కాకున్నా వెనకాల నడిచే ప్రోగ్రామ్) స్టార్ట్ చేయాలి. మైక్రోసాఫ్ట్ వాళ్ల వీఎం సాఫ్ట్‌వేర్ హైపర్-వీ తీరే అది, మీరు చూసే విండో చూడటానికే, దాన్ని మూసినా లాగౌట్ అయినా వీఎం నడుస్తూనే ఉంటుంది, మిషన్ రీస్టార్ట్ అయినా తనంతట తాను లేచేలా కూడా పెట్టొచ్చు. వర్చువల్‌బాక్స్ దగ్గరే చాలామంది పొరబడతారు. హెడ్‌లెస్‌గా స్టార్ట్ చేస్తే చాలనుకుంటారు, కానీ విండోస్‌లో హెడ్‌లెస్ అంటే విండో లేకపోవడమే, సెషన్ మాత్రం మీదే, కాబట్టి మీతో పాటే పోతుంది. పనుల్ని వాటంతట అవే నడిచేలా పెట్టే విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో ఆ హెడ్‌లెస్ కమాండ్ పెట్టి, యూజర్ లాగాన్ అయి ఉన్నా లేకున్నా నడపమనే ఆప్షన్ ఎంచుకోండి. స్క్రీన్ కనపడదు కాబట్టి లోపలికి ఎస్ఎస్‌హెచ్‌తోనో (నెట్‌వర్క్ మీదుగా కమాండ్లు ఇచ్చే దారి) రిమోట్ డెస్క్‌టాప్‌తోనో వెళ్లాలి, దాన్ని ముందే సెట్ చేసుకోకపోతే బయటే నిలబడతారు.

లైనక్స్‌లో ఉండే వీఎం సాఫ్ట్‌వేర్ కేవీఎం వాడేవాళ్లకి పని తేలిక, దాన్ని నడిపించే లిబ్‌వర్ట్‌లో సిస్టమ్ కనెక్షన్ కింద వీఎం చేసి ఆటోస్టార్ట్ పెడితే సరి. సెషన్ కనెక్షన్ కింద చేస్తే మాత్రం మళ్లీ మీ పేరు మీదే నడుస్తుంది. 2016లో, లైనక్స్‌లో సర్వీసుల్ని నడిపే సిస్టమ్‌డీ 230వ వెర్షన్ వచ్చినప్పుడు, లాగౌట్ కాగానే యూజర్ ప్రాసెస్‌లని చంపేయడం డిఫాల్ట్ అయ్యి పెద్ద గొడవే జరిగింది, చాలా డిస్ట్రోలు (లైనక్స్ రకాలు) దాన్ని ఆపేసుకున్నాయి. మీ మిషన్‌లో అది ఆన్‌లో ఉంటే వీఎంని యూజర్ సర్వీసుగా నడిపి లింగర్ (లాగౌట్ అయినా మీ సర్వీసుల్ని నడవనిచ్చే సెట్టింగ్) ఆన్ చేసుకోండి.

ఇంత చేసినా మిషన్ స్లీప్‌లోకి పోతే అన్నీ ఆగుతాయి, ల్యాప్‌టాప్ మూత వేస్తే మరీను. ఇవాళ సాయంత్రం అన్నీ సెట్ చేసి, లాగౌట్ అయ్యి, అదే నెట్‌వర్క్‌లో ఉన్న ఇంకో మిషన్ నుంచి ముందే సెట్ చేసుకున్న ఎస్ఎస్‌హెచ్‌తోనో రిమోట్ డెస్క్‌టాప్‌తోనో వీఎంలోకి వెళ్లి చూడండి. జవాబు రాకపోతే ముందు స్లీప్ సెట్టింగ్ చూడండి, అప్పటికీ రాకపోతేనే నాకు ఫోన్ చేయండి.

మీ పెదనాన్న