డాల్ఫీ గొట్టంలో గాలి

పెళ్ళి బ్యాండులో క్లారినెట్ వినని తెలుగువాళ్ళు అరుదు. దాని పెద్దన్న బాస్ క్లారినెట్‌ని చూసినవాళ్ళే తక్కువ. ఆర్కెస్ట్రాలో వెనకవరుసలో గుర్రుమంటూ కూర్చునే ఆ వాయిద్యాన్ని జాజ్‌లో ముందుకు తెచ్చినవాడు అమెరికన్ వాద్యకారుడు ఎరిక్ డాల్ఫీ. 1964 ఫిబ్రవరి 25న రికార్డయిన ఆయన ఆల్బమ్ ‘అవుట్ టు లంచ్’లో మొదటిది, ‘హ్యాట్ అండ్ బియర్డ్’, పెట్టి చూడండి. అడుగున గరగరలాడుతున్న సోలో ఉన్నట్టుండి పైకెగిరి కీచుమంటుంది. మెట్లెక్కడం తక్కువ, దూకడమే ఎక్కువ. మొదటిసారి నాకు ఒట్టి పిచ్చి అనిపించింది. గొట్టంలో గాలి సంగతి తెలిశాక అదే సోలో వేరేగా వినబడింది.

వేణువు రెండు కొసలూ తెరిచి ఉన్న గొట్టం కింద లెక్క. మధ్య షడ్జం దగ్గర వేళ్ళు కదపకుండా గట్టిగా ఊదితే తార షడ్జం పలుకుతుంది, పౌనఃపున్యం (సెకనుకు కంపనాల లెక్క) రెట్టింపు. క్లారినెట్‌లో రీడు (పెదవుల మధ్య అదిరే పలచటి బద్ద) ఉన్న కొస మూసినట్టే ప్రవర్తిస్తుంది. గొట్టం లావు కూడా చాలా దూరం ఒకేలా ఉంటుంది. అలాంటి గొట్టంలో రెట్టింపు కంపనం నిలవదు. 1, 3, 5 ఇలా బేసి రెట్లే నిలుస్తాయి. ఎడమ బొటనవేలు ఒక మీట నొక్కితే చిన్న రంధ్రం తెరుచుకుని అడుగు స్వరం చెదురుతుంది, గాలి మూడు రెట్ల కంపనానికి ఎగబాకుతుంది. అంటే మధ్య షడ్జం నుంచి తార షడ్జాన్ని దాటేసి ఏకంగా పంచమానికి! డాల్ఫీ దూకుడులో సగం ఆ గొట్టానిదే. మిగతా సగం, ఇంకా పైకి పోవడానికి పెదవుల బిగువు, నోటి లోపలి ఆకారం మార్చుకునే ఒడుపు, ఆయనది.

మూసిన గొట్టంతో ఇంకో లాభం. 70 హెర్ట్జ్ దగ్గరి స్వరానికి తెరిచిన గొట్టమైతే రెండున్నర మీటర్లు కావాలి. దీనికి అందులో సగం చాలు.

మూడోదైన ‘గాజెల్లోనీ’లో ఆయనే ఫ్లూట్ అందుకుంటాడు. ఊపిరి అదే, గొట్టం తెరిచినది. రెండూ వెంటవెంటనే వింటే తేడా చెవికే తెలుస్తుంది. ఈ ఆల్బమ్‌లో పియానో లేదు, ఆ చోట బాబీ హచర్సన్ వైబ్రఫోన్. లోహపు పలకల గణగణ మధ్య బోలెడు ఖాళీ. డ్రమ్స్ వాయించిన టోనీ విలియమ్స్‌కి అప్పటికి 18 ఏళ్ళే.

ఆ ఏడాది జూన్ 29న బెర్లిన్‌లో మధుమేహం ముదిరి డాల్ఫీ పోయాడు, 36 ఏళ్ళకే. రికార్డు అప్పటికింకా బయటికి రాలేదు.

నేను ఎక్కువసార్లు వినేది రెండోది, ‘సమ్‌థింగ్ స్వీట్, సమ్‌థింగ్ టెండర్’. ఒకచోట రిచర్డ్ డేవిస్ డబుల్ బాస్ తీగల మీద కమాను లాగుతుంటే, బాస్ క్లారినెట్ అదే వరుసను అతనితో కలిసి పలుకుతుంది. తీగలో సరి రెట్లూ ఉంటాయి, బేసి రెట్లూ ఉంటాయి. ఆ నిండుదనం పక్కన క్లారినెట్ కాస్త బోలుగా, చెక్కలా మోగుతుంది.