ముసలి గెలాక్సీల్లో ఆ ధూళి ఎక్కడిది?

దీర్ఘవృత్తాకార గెలాక్సీల గురించి పాఠ్యపుస్తకాలు చాలాకాలం ఒకటే మాట చెప్పాయి: ముసలి నక్షత్రాల గుంపు, వాయువు లేదు, ధూళి లేదు, కొత్త చుక్క పుట్టదు. పళ్లెంలా ఉండి సర్పిల భుజాలు లేని కటకాకార గెలాక్సీలకూ దాదాపు అదే ముద్ర. దాన్ని చెరిపింది ప్రధానంగా పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) దూరదర్శినులే. అనుమానం మాత్రం పాతదే.

దక్షిణాఫ్రికా నుంచి ఆకాశాన్ని గాలించిన జాన్ హెర్షెల్, 1847లో అచ్చయిన తన పరిశీలనల్లో నేడు సెంటారస్-ఎ అని పిలిచే గెలాక్సీని నడిమికి నల్లటి పట్టీ కోసినట్టున్న నెబ్యులాగా, అంటే మబ్బులాంటి మచ్చగా వర్ణించాడు. ఆ పట్టీ ధూళే. చాలామంది దాన్ని వింత మినహాయింపుగా చూసి వదిలేశారు. 1978లో ఇటలీ శాస్త్రవేత్తలు బెర్టోలా, గల్లెట్టా అలాంటివి మరికొన్ని చూపించారు. వాటిలో ధూళి పట్టీ గెలాక్సీ పొడవుకు అడ్డంగా ఉంది. సొంత నక్షత్రాలు వదిలిన ధూళి అయితే వాటితో పాటే తిరగాలి కదా! బయటి నుంచి వచ్చి పడిందేమోనన్న ఆలోచన అక్కడ బలపడింది.

మామూలు వెలుగులో ఒక చిక్కుంది. వెనక కాంతి ఉండి, ధూళి ఒకచోట పేరుకుంటేనే నల్లగా కనిపిస్తుంది. పల్చగా పరుచుకుంటే ఫొటోకు దొరకదు. కానీ నక్షత్రకాంతికి వెచ్చబడిన ధూళి దూర పరారుణంలో ఆ వేడిని వదులుతుంది. 1983లో ఐరాస్ (IRAS) అనే పరారుణ ఉపగ్రహం 12 నుంచి 100 మైక్రాన్ల తరంగదైర్ఘ్యాల్లో దాదాపు ఆకాశమంతా తడిమింది. 1989లో జిలియన్ న్యాప్ బృందం ఆ కొలతలు తీసి చూస్తే, ప్రకాశవంతమైన దీర్ఘవృత్తాకార గెలాక్సీల్లో దాదాపు సగం పరారుణంలో మెరుస్తున్నాయి. నేపథ్యపు గోలను, అనుమానాస్పద సందర్భాలను తీసేసి 1998లో మరో బృందం లెక్క తిరగేస్తే ఆ వాటా బాగా తగ్గింది. ఈ రంగంలో శాతాలను కాస్త ఆచితూచి నమ్మాలి.

1995లో గౌడ్‌ఫ్రోయ్, డి యాంగ్ ఇంకో మెలిక పెట్టారు. ఐరాస్ లెక్కగట్టిన ధూళి, ఫొటోల్లోని నల్లటి పట్టీలను బట్టి కట్టిన లెక్క కంటే సుమారు పది రెట్లు. అంటే ఎక్కువ భాగం కంటికి కనపడకుండా గెలాక్సీ అంతటా పరుచుకుని ఉండాలి.

అసలు ఇరకాటం ఎక్స్-కిరణ పరిశీలనలతో వచ్చింది. ఈ గెలాక్సీలు చాలావాటిలో కోటి డిగ్రీల వాయువు నిండి ఉంది. దాని దెబ్బలకు ధూళి రేణువులు కొన్ని కోట్ల ఏళ్లకు మించి నిలవవు. గెలాక్సీల వయసేమో వెయ్యి కోట్ల ఏళ్ల వరకు ఉంటుంది. కాబట్టి ఇప్పుడు కనిపించే ధూళి నిన్న మొన్న చేరిందే. ముసలి ఎర్ర నక్షత్రాలు వదులుతున్నదా, మింగిన చిన్న గెలాక్సీలదా?

2009లో ఎగిరిన హెర్షెల్ అంతరిక్ష దూరదర్శినికి, 1800లో పరారుణాన్ని కనుగొన్న విలియం హెర్షెల్ పేరు పెట్టారు. జాన్‌కు తండ్రి ఆయనే. ఐరాస్‌కు అందని చల్లటి ధూళిని అది పట్టింది. 62 గెలాక్సీలను చూస్తే, కటకాకారాల్లో 62 శాతంలో, దీర్ఘవృత్తాకారాల్లో 24 శాతంలో ధూళి దొరికింది. సొంత నక్షత్రాలే మూలమైతే, నక్షత్రాలు ఎక్కువున్న చోట ధూళీ ఎక్కువుండాలి. అలాంటి పొత్తు సరిగ్గా కనపడలేదు. నా దృష్టిలో, కనీసం దీర్ఘవృత్తాకారాల విషయంలో, మొగ్గు బయటి మూలం వైపే.

సెంటారస్-ఎ సంగతి ఇంకా సూటిగా తేలింది. 2004లో స్పిట్జర్ అంతరిక్ష దూరదర్శిని తీసిన పరారుణ చిత్రంలో ఆ నల్లటి పట్టీ సమాంతర చతుర్భుజంలా మెరిసింది. లోపల పడ్డ ఒక సర్పిల గెలాక్సీ మెలితిరిగి నలిగిపోతే ఆ ఆకారం వస్తుందని కంప్యూటర్ నమూనాలు చెప్పాయి.