నాగావళి, వంశధార లోయలే ప్రాంతాలైతే: అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చెరువులు, గెడ్డలు (కొండవాగులు), కాలువల కింది రైతులతో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. కొండ, ఏరు, నేల స్వభావం ఏర్పరచిన హద్దులను బట్టి ప్రజలు తమ రాజకీయ నిర్ణయాలను, సాంస్కృతిక జీవితాన్ని అల్లుకోవాలన్న ఆలోచనకు 1970ల్లో కాలిఫోర్నియాలో పర్యావరణ ఉద్యమకారుడు పీటర్ బెర్గ్, జీవావరణ శాస్త్రవేత్త రేమండ్ డాస్‌మన్ ఒక రూపం ఇచ్చారు. దీన్ని బయోరీజనలిజం అంటారు. ఈ మాట మా సమావేశాల్లో ఎత్తినప్పుడల్లా కొన్ని అపోహలు ఎదురవుతుంటాయి.

అపోహ: ఇది కొత్త జిల్లా కోసమో, కొత్త రాష్ట్రం కోసమో చేసే వాదన.

వాస్తవం: కాదు. కలెక్టరేటునూ మండలాన్నీ అలాగే ఉంచి, ఒకే నీటిని పంచుకునేవారు కలిసి నిర్ణయించుకునే వేదిక ఒకటి ఉండాలన్నదే ఇందులోని కోరిక. మన రాష్ట్రంలో 1997 నాటి చట్టం ప్రకారం ఏర్పడిన సాగునీటి వినియోగదారుల సంఘాలకు పంచాయతీ సరిహద్దు ప్రమాణం కాదు, కాలువ పారే మేర ప్రమాణం. అయితే వాటిలో ఓటు ఆయకట్టు భూమితో ముడిపడి ఉండటంతో, ఎగువన కొండపోడు చేసుకునే కుటుంబానికీ, దిగువన ఏటి మొగలో వల వేసే మత్స్యకారుడికీ అక్కడ చోటు లేదు. ఈ లోటును నేను చిన్నదిగా చూడలేను.

అపోహ: మన జిల్లాలే సహజ ప్రాంతాలు, వేరే హద్దులు వెతకనక్కరలేదు.

వాస్తవం: శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం 1979లో, పార్వతీపురం మన్యం 2022లో ఏర్పడ్డాయి. ఈ గీతలన్నీ పాలనా సౌకర్యం కోసం గీసినవి. 2022లో పాలకొండ మన్యం జిల్లాకూ, రాజాం, వంగర ప్రాంతాలు విజయనగరానికీ వెళ్లాయి. దాంతో నాగావళి ఉపనది సువర్ణముఖి మీద వంగర మండలంలో ఉన్న మడ్డువలస జలాశయం విజయనగరం జిల్లాలోనూ, దాని కాలువల కింది పొందూరు, జి.సిగడాం పొలాలు శ్రీకాకుళం జిల్లాలోనూ ఉండిపోయాయి. తోటపల్లి బ్యారేజీ మన్యం జిల్లాలో ఉంటే ఆయకట్టు మూడు జిల్లాల్లో పరుచుకుని ఉంది. శివారు మడికి నీరు అందని రైతు తన గోడును ఏ జిల్లా సమావేశంలో చెప్పుకోవాలో తేల్చుకునేలోపు నారు ముదిరిపోతుంది.

ఒకసారి ఒక ఊరి రచ్చబండ దగ్గర, మీ ప్రాంతం ఎంతవరకో గీసి చూపించమని పెద్దలకు ముగ్గుపిండి ఇచ్చాను. ఒక తాత ముందుగా కొండ గుర్తుకు ఒక రాయి పెట్టాడు. అక్కడి నుంచి వంకర తిరుగుతూ గెడ్డను లాగి, చెరువు దగ్గర ఆపి, మదుముల (తూముల) చోట రెండు చిల్లపెంకులు ఉంచాడు. మిగిలినవాళ్లు పల్లపు పొలాలు, మెట్ట, శ్మశానం, అమ్మవారి గుడి చేర్చారు. మండల సరిహద్దు ఎవరూ గీయలేదు. అది ఎక్కడని నేను అడిగితే, "అది మాకెందుకు బాబూ, నీరు ఆ కొండమీంచి కదా వస్తాది" అన్నాడు తాత.

అపోహ: సహజ ప్రాంతమంటే చుట్టూ చెరగని గీత ఉన్న, తనకు తాను చాలిన ముక్క.

వాస్తవం: కొండశిఖరం వాననీటిని రెండుగా విడదీయగలదు గానీ పంటకూ, సంతకూ, వియ్యానికీ అది గోడ కాదు. ఉద్దానాన్ని చూడండి. అది ఒక నది పేరుతో కాక, కొబ్బరి, జీడి, పనస తోటల వల్ల జనం నోట ప్రాంతంగా నిలిచింది. కిడ్నీ వ్యాధితో నలిగిపోతున్న ఆ ఊళ్లకు తాగునీరు హిరమండలం జలాశయం నుంచి, అంటే వంశధార నీరే, గొట్టాల్లో వెళుతోంది. కాబట్టి ఇచ్చిపుచ్చుకోవడం తప్పనిసరి. ఇచ్చే లోయలోని మనుషులను అడిగి ఇస్తున్నామా అన్నదే చూసుకోవలసిన సంగతి.

అపోహ: ఒక ప్రాంతమంటే ఒకే భాష, ఒకే సంస్కృతి.

వాస్తవం: ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడిన 1936లోనే, వంశధార ఒడ్డున ఉన్న గుణుపురం ప్రాంతంలో మంగై గొమాంగో సవర భాషకు లిపి రూపొందించారు. ఆ భాష మాట్లాడేవారు ఇటు సీతంపేట కొండల్లోనూ, అటు ఒడిశాలోనూ ఉన్నారు. అదే లోయలో తెలుగు, ఒడియా కూడా వినిపిస్తాయి. నాగావళి కథ మరింత ముచ్చటైనది. బలరాముడు ప్రతిష్ఠించాడని భక్తులు చెప్పే పంచలింగాలు ఒడిశాలోని పాయకపాడు దగ్గర మొదలై గుంప, సంగాం, శ్రీకాకుళం మీదుగా సముద్రతీరాన కళ్లేపల్లి వరకు ఉన్నాయి. భక్తుల నడకకు రాష్ట్ర సరిహద్దు ఏనాడూ అడ్డు రాలేదు. ఏరు మొదలు నుంచి మొగ వరకు ఒకే ప్రాంతమన్న ఎరుక ఈ నేలకు కొత్తగా నేర్పవలసినది కాదు.

అపోహ: ఇవన్నీ ఊహలు, ఎక్కడా ఆచరణలో లేవు.

వాస్తవం: ఫ్రాన్స్ 1964 చట్టంతో దేశాన్ని ఆరు నదీ పరీవాహక ప్రాంతాలుగా విభజించి నీటి సంస్థలను నెలకొల్పింది. న్యూజిలాండ్ 1989లో ప్రాంతీయ మండళ్ల హద్దులను ఎక్కువగా పరీవాహకాలను బట్టే నిర్ణయించింది. మన దేశంలో 1956లోనే నదీ బోర్డుల చట్టం వచ్చినా దాని కింద ఒక్క బోర్డు కూడా ఏర్పడలేదు. ఆంధ్ర, ఒడిశాల మధ్య వంశధార నీటి వివాదం 2010లో ట్రిబ్యునల్‌కు వెళ్లింది. తీర్పు 2017లో వచ్చింది. ట్రిబ్యునల్ ముందు వాదించుకునేది ప్రభుత్వాలే గనుక, కళింగపట్నం మత్స్యకారుడికీ గుణుపురం రైతుకూ ఒకరి ముఖం ఒకరికి తెలియదు. అదే 2017 జూలైలో రాయగడ జిల్లాలోని కల్యాణసింగుపురం వైపు నాగావళికి ఒక్కసారిగా వరద వచ్చి పడింది. అలాంటి నీరు దిగువకు చేరేలోపు ఎగువ ఊరి మనిషి చేసే ఒక్క ఫోను ఎన్ని పశువులను, ఎన్ని మోటార్లను కాపాడగలదో ఏటి ఒడ్డున సాగు చేసేవారికి వేరే చెప్పనక్కరలేదు.

నాగావళిలో సువర్ణముఖి, వేగావతి కలిసే సంగాంలో, శివరాత్రి జాతర ముగిసిన మరునాడు, రాయగడ నుంచి కళ్లేపల్లి వరకు ఊరికి ఇద్దరు చొప్పున పిలిచి ఒక పూట కూర్చోబెట్టాలని మా రైతులతో అంటున్నాను. దీనికి ఏ చట్టమూ మార్చనక్కరలేదు. ఒడియా, కొండు గిరిజనుల భాష కువి, తెలుగు మూడూ వచ్చిన మనిషి కోసం ప్రస్తుతం వెతుకుతున్నాము.