జీతంలోంచి కట్టుకునే అదనపు బీమా: అపోహలు - వాస్తవాలు

ఉద్యోగుల బీమా క్లెయిమ్‌లు చూడటం నా పని. ఏటా ఎన్‌రోల్‌మెంట్ (బీమాలు ఎంచుకునే సమయం) మొదలవగానే ప్రమాద బీమా, క్రిటికల్ ఇల్‌నెస్ (తీవ్రమైన జబ్బులకు), హాస్పిటల్ క్యాష్ (ఆసుపత్రిలో ఉన్న రోజులకు ఇంత అని ఇచ్చేది) అంటూ ఒక జాబితా ఉద్యోగుల ముందుకొస్తుంది. తీసుకోవడం, మానడం మన ఇష్టం. తీసుకుంటే ప్రీమియం చాలావరకు మన జీతంలోంచే పోతుంది. వద్దనేవాళ్లలోనూ, చదవకుండా టిక్ పెట్టేవాళ్లలోనూ నాకు కనిపించే అపోహలు ఇవి.

అపోహ: కంపెనీ ఆరోగ్య బీమా ఉందిగా, ఇది దండగ.

వాస్తవం: ఆరోగ్య బీమా ఆసుపత్రి బిల్లు చూసుకుంటుంది. ఈ పాలసీలు బిల్లు ఎంతైనా సరే, ముందుగా రాసుకున్న మొత్తాన్ని మీ చేతికిస్తాయి. క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ 1983లో దక్షిణాఫ్రికాలో మొదలైంది. దాని వెనకున్నది డాక్టర్ మారియస్ బర్నార్డ్. ప్రపంచంలో తొలి గుండె మార్పిడి చేసిన బృందంలో ఆయనా ఒకరు. జబ్బు నుంచి బయటపడ్డ రోగులు ఆ తర్వాత డబ్బుకు చితికిపోవడం చూసి, బీమా సంస్థలను ఒప్పించారు. మొదట అందులో ఉన్నవి నాలుగే: గుండెపోటు, పక్షవాతం, క్యాన్సర్, బైపాస్ సర్జరీ. ఇంటి అద్దె, అప్పు వాయిదాలు, రోగికి తోడుండటానికి ఇంట్లో ఒకరు వదులుకున్న సంపాదన... ఇవేవీ ఆసుపత్రి బిల్లులో ఉండవు. ఈ డబ్బు వాటికోసం. కొన్ని నెలలు గడిచేంత పొదుపు, జీతంతో కూడిన సెలవు ఉన్నవాళ్లకు ఇది లేకపోయినా నడుస్తుంది. వాళ్లను తీసుకోమని నేను ఒత్తిడి చేయను.

అపోహ: పాలసీలోని జబ్బుల జాబితాలో క్యాన్సర్ అని ఉంది కాబట్టి ఏ క్యాన్సర్‌కైనా డబ్బొస్తుంది.

వాస్తవం: నాకు అన్నిటికన్నా బాధ కలిగించే తిరస్కరణలు ఇక్కడే. పాలసీ చూసేది జబ్బు పేరు ఒక్కటే కాదు, దానికి తను రాసుకున్న నిర్వచనాన్ని కూడా. పుట్టిన చోటే ఉండి, ఇంకా లోపలికి పాకని తొలి దశ క్యాన్సర్‌కు చాలా పాలసీలు ఏమీ ఇవ్వవు, లేదా కొంత శాతమే ఇస్తాయి. గుండెపోటు అంటే ఈసీజీలో మార్పులు, రక్తంలో ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే బయటపడే ప్రోటీన్) పెరుగుదల లాంటి రుజువులు కావాలి. ఛాతీ నొప్పితో ఆసుపత్రిలో చేరినంత మాత్రాన చాలదు. కాసేపట్లో తగ్గిపోయే పక్షవాతం లక్షణాలనూ సాధారణంగా లెక్కలోకి తీసుకోరు. దీనికి తోడు, జబ్బు నిర్ధారణ అయ్యాక రోగి ఇన్ని రోజులు బతికి ఉండాలనే షరతు చాలా పాలసీల్లో ఉంటుంది, తరచుగా 14 నుంచి 30 రోజులు. ఆలోపే మరణిస్తే ఆ కుటుంబానికి అక్కరకొచ్చేది జీవిత బీమాయే. అందుకే ఎంతిస్తారో చూసే ముందు నిర్వచనాల పేజీ చదవమంటాను.

అపోహ: కంపెనీ ద్వారా తీసుకున్నాం, క్లెయిమ్ దానంతటదే వస్తుంది.

వాస్తవం: రాదు. ఆసుపత్రి బిల్లు ఆరోగ్య బీమా సంస్థకు వెళ్తుంది. మీరు ఆసుపత్రిలో ఉన్నారని ఈ అదనపు పాలసీ ఇచ్చిన సంస్థకు తెలిసే దారే ఉండదు. మీరే ఫారం నింపాలి. డిశ్చార్జ్ సమ్మరీ, బయాప్సీ రిపోర్టు, ఎముక విరిగితే ఎక్స్‌రే దాచుకోవాలి. ప్రమాదమైతే మొదటి రోజు చికిత్స కాగితం చాలా ముఖ్యం, ఎందుకంటే ఇన్ని గంటల్లోపు డాక్టర్‌ని కలవాలని కొన్ని పాలసీలు గడువు పెడతాయి. ఏళ్ల తరబడి ప్రీమియం కట్టి, తీరా అవసరమొచ్చినప్పుడు పాలసీ సంగతే మర్చిపోయేవాళ్లు ఎందరో. ఇంట్లోవాళ్లకు పాలసీ నంబర్ చెప్పి ఉంచండి. స్పృహలో లేని మనిషి క్లెయిమ్ పెట్టలేడు.

అపోహ: వైద్య పరీక్షలు అడగలేదు, కాబట్టి పాత జబ్బులకూ వర్తిస్తుంది.

వాస్తవం: పరీక్షలు లేకుండా చేర్చుకోవడం వేరు, పాత జబ్బుకు డబ్బివ్వడం వేరు. వెయిటింగ్ పీరియడ్, అంటే పాలసీ మొదలయ్యాక పాత జబ్బులకు డబ్బివ్వని కాలం, ఎంతో చూసుకోండి.

అపోహ: ఉద్యోగం మానేస్తే పాలసీ పోయినట్టే.

వాస్తవం: కొన్ని ఆగిపోతాయి. కొన్నిటిని మాత్రం ప్రీమియం నేరుగా కడుతూ కొనసాగించుకోవచ్చు. రేటు మారవచ్చు. దరఖాస్తుకు ఇచ్చే గడువు తక్కువ, అది దాటితే ఆ అవకాశం మళ్లీ రాదు. రాజీనామా ఇచ్చిన వారంలోనే హెచ్‌ఆర్‌ని అడిగి ఆ ఫారం తీసుకోండి.