ఈ కార్బన్ మనదేనని ఎలా తెలుసు?

భూమి వేడెక్కుతోందని ఎవరైనా అంటే చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. "గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచేది హవాయిలోని మౌనా లోవా కొండ మీద. అది అగ్నిపర్వతం! దాని పొగను కొలిచి మనుషుల మీదికి నెడితే ఎలా?" ఇది మంచి ప్రశ్న. ఇలా అడిగినవాళ్లను వెక్కిరించడం నాకు అస్సలు నచ్చదు, ఎందుకంటే ఇది పరీక్షించి తేల్చగల అనుమానం.

1958లో అక్కడ కొలతలు మొదలుపెట్టిన చార్లెస్ డేవిడ్ కీలింగ్‌కు ఈ చిక్కు తెలుసు. కొండ బిలం వైపు నుంచి గాలి వీస్తే రీడింగ్ పైకీ కిందికీ ఊగిపోతుంది. సముద్రం మీదుగా వచ్చే గాలిలో నిలకడగా ఉంటుంది. ఊగే రీడింగులను లెక్కలోకి తీసుకోరు. పైగా అగ్నిపర్వతాలకు ఎంతో దూరంగా, దక్షిణ ధ్రువం దగ్గర కొలిచినా పెరుగుదల అలాగే కనిపిస్తోంది. పది లక్షల పాళ్లలో అప్పుడు 315 ఉన్నది ఇప్పుడు 420 దాటింది.

సరే, పెరిగింది. మన వల్లే పెరిగిందని రుజువేంటి?

కార్బన్‌లో బరువు తేడా ఉన్న రకాలున్నాయి. కార్బన్ 14 సుమారు 5,730 ఏళ్లకు సగమైపోతుంది. కాబట్టి కోట్ల ఏళ్లు నేలలో ఉన్న బొగ్గులో, చమురులో అది మిగలదు. వాటిని కాలిస్తే గాలిలో దాని పాలు పడిపోవాలి. అణుబాంబు పరీక్షలకు ముందు (అవి గాలిలో కార్బన్ 14ను పెంచేశాయి) పెరిగిన చెట్ల వలయాల్లో ఆ తగ్గుదల ఉందని శాస్త్రవేత్త హాన్స్ సూస్ 1955లోనే చూపించాడు. అయితే అగ్నిపర్వతాల గ్యాస్‌లోనూ కార్బన్ 14 ఉండదు. అందుకే కార్బన్ 13ను కూడా చూడాలి. మొక్కలు దాన్ని కాస్త తక్కువగా తీసుకుంటాయి. ఒకప్పటి మొక్కల నుంచి, సూక్ష్మజీవుల నుంచి పుట్టిన బొగ్గు, చమురులోనూ అది తక్కువే. అగ్నిపర్వతాల గ్యాస్‌లో అంత తక్కువ ఉండదు. ఇప్పటి అడవి తగలబడితే కార్బన్ 14 కూడా వస్తుంది. రెండూ కొరవడినవి బొగ్గు, చమురు, సహజవాయువు మాత్రమే. గాలిలో కార్బన్ 13 పాలు కూడా ఏటేటా తగ్గుతూనే ఉంది.

ఇంకో సాక్ష్యం ఆక్సిజన్. ఏది మండినా ఆక్సిజన్ ఖర్చవుతుంది. కీలింగ్ కొడుకు రాల్ఫ్ కొలిచి చూస్తే అది కూడా కొద్దికొద్దిగా తగ్గుతోంది (మన ఊపిరికి ఢోకా లేదు, తగ్గేది చాలా స్వల్పం). అగ్నిపర్వతాలన్నీ ఏడాదిలో వదిలే కార్బన్ డయాక్సైడ్, మనం వదిలేదాంట్లో ఒక శాతం కూడా ఉండదు.

ఇంకా తేలనివి వేరే ఉన్నాయి. కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే చివరికి వేడి ఎంత పెరుగుతుందో కచ్చితంగా చెప్పలేకపోతున్నారు. ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల నిపుణుల సంఘం (ఐపీసీసీ) 2021 నివేదిక ప్రకారం 2.5 నుంచి 4 డిగ్రీల మధ్య ఉండొచ్చు. మేఘాలు ఎలా మారతాయో లెక్క కట్టడం కష్టం కావడమే అందుకు పెద్ద కారణం.