వర్ధమాన దేశాలు పదే పదే వెనక్కి ఎందుకు జారతాయి?

రెండు దేశాలను ఊహించుకుందాం. మొదటిది నాలుగేళ్లపాటు ఏటా 5 శాతం చొప్పున పెరిగి, ఐదో ఏట ఏదో ఒక సంక్షోభంలో చిక్కుకుని 8 శాతం కుంచించుకుపోతుంది. ఆ తర్వాత మళ్లీ నాలుగేళ్లు ఎదుగుతుంది, మళ్లీ ఓ ఏడాది పడిపోతుంది. రెండోది ఏ ఏడాదీ వార్తల్లోకి ఎక్కదు, ఏటా 3.5 శాతం చొప్పున నింపాదిగా సాగిపోతుంది. ప్రతి ఐదేళ్లలో నాలుగేళ్లు మొదటి దేశమే ముందున్నట్టు కనిపిస్తుంది. కానీ ముప్పై ఏళ్ల తర్వాత లెక్క తీస్తే మొదటి దేశపు ఉత్పత్తి రెట్టింపుకు కాస్త తక్కువగా, రెండో దేశపు ఉత్పత్తి 2.8 రెట్లుగా తేలుతుంది.

ఇది కాగితం మీద వేసిన లెక్క మాత్రమే కాదు. స్టీఫెన్ బ్రాడ్‌బెర్రీ, జాన్ వాలిస్ అనే ఆర్థిక చరిత్రకారులు 2017లో దీర్ఘకాలపు గణాంకాలను పరిశీలించి ఇటువంటి నిర్ణయానికే వచ్చారు. ఎదుగుతున్న సంవత్సరాలను మాత్రమే లెక్కలోకి తీసుకుంటే పేద దేశాల వేగం సంపన్న దేశాల వేగానికి తీసిపోదు, కొన్నిసార్లు మించుతుంది కూడా. తేడా అంతా అవి ఎన్నిసార్లు పడిపోయాయి, ఎంత లోతుకు పడిపోయాయి అన్న దగ్గర ఉంది. స్థూల ఆర్థిక అంశాలు, అంటే ద్రవ్యోల్బణం, వడ్డీ రేట్లు, మారకపు రేటు, ప్రభుత్వ బడ్జెట్, విదేశీ అప్పు వంటివి, వృద్ధిని ఎలా ప్రభావితం చేస్తాయన్న ప్రశ్నకు జవాబును నేనైతే ఇక్కడే వెతుకుతాను. ఇవి దేశాన్ని పరుగెత్తించే శక్తులు కావు. పరుగెత్తే దేశం బోర్లా పడుతుందా లేదా అన్నది మాత్రం చాలావరకు వీటి చేతుల్లోనే ఉంటుంది.

వర్ధమాన దేశానికి, సంపన్న దేశానికి ఉన్న ముఖ్యమైన తేడా విదేశీ మారకద్రవ్యం దగ్గర కనిపిస్తుంది. యంత్రాలు, ఇంధనం, ఎరువులు, మందులు బయటి నుంచి కొనాలంటే డాలర్లు కావాలి. వాటిని తమ కేంద్ర బ్యాంకు ముద్రించలేదు. ఎగుమతులు చేసి సంపాదించాలి, విదేశాల్లో పనిచేసే తమవారు పంపాలి, లేదా అప్పు తేవాలి. ఆ అప్పు కూడా సొంత కరెన్సీలో పుట్టదు. ఇలా సొంత డబ్బులో విదేశాల నుంచి అప్పు తెచ్చుకోలేని దుస్థితికి బారీ ఐకెన్‌గ్రీన్, రికార్డో హౌస్‌మన్ అనే ఆర్థికవేత్తలు 1999లో ‘ఆది పాపం’ అని పేరు పెట్టారు. చేయని తప్పుకు పుట్టుకతోనే మోయాల్సిన భారమన్నది ఆ పేరులోని చమత్కారం.

ఆ భారం ఎలా పనిచేస్తుందో థాయ్‌లాండ్‌లో చూడవచ్చు. 1997కు ముందు పదేళ్లు ఆ దేశం ఏటా సగటున 9 శాతం దరిదాపుల్లో పెరిగింది. బడ్జెట్ మిగులులో ఉంది, ద్రవ్యోల్బణం అదుపులో ఉంది. డాలరుకు సుమారు 25 బాత్‌ల దగ్గర మారకపు రేటును ప్రభుత్వం కట్టిపడేసింది. దేశంలో వడ్డీ ఎక్కువ, బయట తక్కువ, మారకపు రేటు కదలదన్న ధీమా. ఈ మూడూ కలిస్తే ఏ వ్యాపారి అయినా బయటే అప్పు తెస్తాడు. ఒక నిర్మాణ సంస్థ 10 లక్షల డాలర్లు అప్పు తెచ్చి భవనం కట్టిందనుకుందాం. దాని పుస్తకాల్లో ఆ అప్పు 2.5 కోట్ల బాత్‌లు. అద్దెలు వచ్చేది బాత్‌లలోనే. కట్టిపడేసిన ఆ రేటును కాపాడుకోవడానికి కేంద్ర బ్యాంకు తన డాలరు నిల్వలను ఖర్చుపెట్టి, చివరికి అలసిపోయి, 1997 జులై 2న ఆ రేటును వదిలేసింది. 1998 జనవరి నాటికి డాలరుకు 50 బాత్‌లు దాటిపోయాయి. ఆ సంస్థ కొత్తగా పైసా అప్పు చేయకపోయినా దాని బాకీ 5 కోట్లకు పైగా అయింది. భవనం అదే, అద్దె అదే. ఇలాంటి సంస్థలు వేలల్లో ఉంటే వాటికి అప్పులిచ్చిన బ్యాంకులు, ఆర్థిక సంస్థలు కూలక మానవు. 1998లో థాయ్ ఉత్పత్తి 7 శాతానికి పైగా తగ్గింది. అదే సుడిగుండంలో చిక్కిన ఇండోనేసియాలో ఆ ఏడాది తగ్గుదల 13 శాతం.

ఇక్కడ ఆగి గమనించాల్సిన విషయం ఒకటుంది. ఆనాటి పాఠాల్లో సూచికలుగా నేర్పే బడ్జెట్, ద్రవ్యోల్బణం రెండూ థాయ్‌లాండ్‌లో సవ్యంగానే ఉన్నాయి. పగులు మారకపు రేటుకు, ప్రైవేటు అప్పులకు మధ్య ఉన్న సందులో పుట్టింది. స్థూల ఆర్థిక అంశాలను ఒక్కొక్కటిగా పట్టికలో రాసుకుని మార్కులు వేసే పద్ధతి మీద నాకు గురి లేకపోవడానికి ఇదే కారణం.

కొన్నిసార్లు దెబ్బ పూర్తిగా బయటి నుంచే వస్తుంది. అమెరికాలో ద్రవ్యోల్బణాన్ని అణచడానికి పాల్ వోల్కర్ నాయకత్వంలోని ఆ దేశ కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ వడ్డీ రేట్లను 1980, 1981 సంవత్సరాల్లో 20 శాతం దాకా తీసుకెళ్లింది. అప్పటికే మారే వడ్డీకి డాలర్లలో భారీగా అప్పులు చేసి ఉన్న మెక్సికో, 1982 ఆగస్టులో ఇక కట్టలేమని చేతులెత్తేసింది. దాని వెంట లాటిన్ అమెరికాలో చాలా దేశాలు అదే బాట పట్టాయి. అక్కడ ఆ దశాబ్దానికి ‘కోల్పోయిన దశాబ్దం’ అన్న పేరు స్థిరపడిపోయింది.

శ్రీలంక కథ దీనికి భిన్నం. అక్కడ తీగ లాగింది ప్రభుత్వమే. 2019 చివర్లో విలువ ఆధారిత పన్నును 15 శాతం నుంచి 8 శాతానికి తగ్గించారు. అప్పటికే తక్కువగా ఉన్న పన్ను రాబడి రెండేళ్లలో జాతీయోత్పత్తిలో సుమారు 8 శాతానికి పడిపోయింది. ఆ వెంటనే వచ్చిన కోవిడ్ మహమ్మారితో పర్యాటకుల రాక ఆగిపోయింది. దేశపు పరపతి రేటింగు దిగజారడంతో అంతర్జాతీయ మార్కెట్లో కొత్త అప్పు పుట్టలేదు. పాత బాండ్ల గడువులు మాత్రం ఆగలేదు. బడ్జెట్ లోటును కేంద్ర బ్యాంకు కొత్త డబ్బుతో పూడ్చింది. మారకపు రేటును మాత్రం డాలరుకు 200 రూపాయల దగ్గరే పట్టి ఉంచింది. డబ్బు పెరుగుతూ, డాలరు ధర కదలకుండా ఉంటే దిగుమతులు చవకగా కనిపిస్తాయి, నిల్వలు కరిగిపోతాయి. 2019 చివర్లో 700 కోట్ల డాలర్లకు పైగా ఉన్న నిల్వల్లో, 2022 మే నాటికి వాడుకోదగ్గవి 5 కోట్ల డాలర్లు కూడా లేవని ఆ దేశ ఆర్థిక మంత్రే పార్లమెంటులో చెప్పాడు. ఒక దేశం మొత్తానికి అది ఒకటి రెండు ఓడల ఇంధనం ఖరీదు. అంతకుముందే, ఏప్రిల్‌లో, విదేశీ అప్పుల చెల్లింపు నిలిపివేస్తున్నట్టు ప్రకటించారు. పెట్రోలు బంకుల ముందు రోజుల తరబడి బారులు, గంటల కొద్దీ కరెంటు కోతలు, సెప్టెంబరు నాటికి 70 శాతం దరిదాపుల్లో ద్రవ్యోల్బణం, ఆ ఏడాది మొత్తం మీద ఉత్పత్తిలో 7 శాతానికి పైగా తగ్గుదల. పన్ను రేటులో చేసిన మార్పు బంకు ముందు బారు దాకా ప్రయాణించడానికి రెండున్నరేళ్లు పట్టింది. నడుమ తగిలిన ప్రతి దెబ్బకూ ఏదో ఒక సంజాయిషీ దొరికింది కాబట్టి, మొదటి అడుగు దగ్గరే ఎవరూ ఆగలేదు.

ద్రవ్యోల్బణం వృద్ధిని చంపుతుందని అందరూ అంటారు గానీ, ఏ మోతాదులో అన్నది తేల్చి చెప్పడం కష్టం. 1970లలో దక్షిణ కొరియాలో రెండంకెల ద్రవ్యోల్బణం ఉండేది; అదే దశాబ్దంలో ఆ దేశం ప్రపంచంలోనే వేగంగా ఎదిగిన దేశాల వరుసలో నిలిచింది. మితమైన ధరల పెరుగుదలను తట్టుకుంటూ ఎదగవచ్చునని దీన్నిబట్టి తెలుస్తుంది. రేపటి ధర ఎంతో ఊహకు కూడా అందనప్పుడు మాత్రం పదేళ్ల లెక్క వేసుకుని ఫ్యాక్టరీ కట్టేవారు కరువవుతారు. డబ్బంతా భూమిలోకి, డాలర్లలోకి, సరుకు నిల్వల్లోకి పారిపోతుంది.

ఆ స్థితి నుంచి బ్రెజిల్ బయటపడిన తీరు ఆర్థిక చరిత్రలో నాకు బాగా నచ్చిన ఘట్టం. 1993లో అక్కడ ధరలు ఏడాదికి 2,000 శాతానికి పైగా పెరిగాయి. 1986 నుంచి ధరల మీద ఆంక్షలు పెట్టడం, కరెన్సీ పేర్లు మార్చడం వంటివన్నీ చేసి చూసినా లాభం లేకపోయింది. నిన్నటి ద్రవ్యోల్బణాన్ని బట్టి ఇవాళ జీతాలు, అద్దెలు, ఒప్పందాలు పెంచుకోవడం జనానికి అలవాటైపోయింది. ఆ అలవాటే రేపటి ద్రవ్యోల్బణమయ్యేది. 1994 మార్చిలో ప్రభుత్వం ‘యూఆర్‌వీ’ అనే లెక్కల కొలమానాన్ని ప్రవేశపెట్టింది. అది నోటు కాదు, నాణెం కాదు, జేబులో పెట్టుకునేందుకు దానికి రూపమే లేదు. దాని విలువ ఇంచుమించు డాలరుతో సమానం. ఒక యూఆర్‌వీకి అప్పటి కరెన్సీ అయిన క్రుజేరో రియాళ్లు ఎన్నో కేంద్ర బ్యాంకు రోజూ ప్రకటించేది. జీతాలు, ఒప్పందాలు క్రమంగా యూఆర్‌వీల్లో రాసుకున్నారు. చెల్లింపు మాత్రం ఆ రోజు రేటు ప్రకారం పాత నోట్లలోనే జరిగేది. పాత నోట్లలో ధర రోజూ ఎగబాకుతున్నా, యూఆర్‌వీల్లో చూస్తే కదలడం లేదని జనం నెలల తరబడి తమ కళ్లతో చూశారు. ఆ కొత్త కొలత బుర్రల్లో కుదురుకున్నాక, జులై 1న, 2,750 క్రుజేరో రియాళ్లతో సమానమైన ఒక యూఆర్‌వీని ‘రియల్’ పేరుతో నిజమైన కరెన్సీగా విడుదల చేశారు. 1996 నాటికి వార్షిక ద్రవ్యోల్బణం 10 శాతం లోపుకు దిగింది. బడ్జెట్‌ను చక్కదిద్దే ప్రయత్నం, అధిక వడ్డీ రేట్లు దీనికి తోడు నిలిచాయి కాబట్టి ఘనతంతా ఈ ఉపాయానిదే అనలేము. ఆ తర్వాత బ్రెజిల్ ఆసియా దేశాల వేగంతో ఎదిగిందా అంటే, అదీ లేదు.

ఒకే సరుకు మీద బతికే దేశాల విషయంలో లోపలి విధానాల కంటే బయటి ధరలే ఎక్కువ నిర్ణయిస్తాయి. 1964లో స్వతంత్రమైన జాంబియాకు విదేశీ రాబడిలో సింహభాగం రాగి నుంచే వచ్చేది. 1970ల నడుమ రాగి ధర కుప్పకూలింది. అది తాత్కాలికమనుకుని అప్పులతో నెట్టుకొచ్చిన ప్రభుత్వం అప్పుల్లోనే మునిగిపోయింది. 1990ల నాటికి అక్కడి తలసరి ఆదాయం 1970ల స్థాయి కంటే దిగువన ఉంది. దానికి పొరుగునే ఉన్న బోట్స్‌వానా, 1966లో స్వతంత్రమైనప్పుడు ప్రపంచంలోని నిరుపేద దేశాల్లో ఒకటి. మరుసటి ఏడాదే అక్కడ వజ్రాలు దొరికాయి. ధర బాగున్న సంవత్సరాల్లో రాబడినంతా ఖర్చుపెట్టకుండా కొంత విదేశీ నిల్వలుగా పక్కన పెట్టడం, 1994లో అందుకోసం ‘పూలా’ నిధిని ఏర్పాటు చేయడం వంటి జాగ్రత్తలతో ఆ దేశం దశాబ్దాలపాటు వేగంగా ఎదిగింది. అయితే వజ్రాలు వజ్రాలే. ప్రయోగశాలల్లో తయారయ్యే వజ్రాలు మార్కెట్లోకి వచ్చి గిరాకీ పడిపోవడంతో 2024లో బోట్స్‌వానా ఆర్థిక వ్యవస్థ కూడా కుంచించుకుపోయింది. నిధి గాయాన్ని కాస్త మాన్పగలదు గానీ, ఒకే సరుకు మీద ఆధారపడడమన్న అసలు జబ్బును నయం చేయలేదు.

ఇన్ని చెప్పాక పెరూ గురించి చెప్పకుండా ఉండలేను. 1990లో అక్కడ ద్రవ్యోల్బణం 7,000 శాతం దాటింది. ఆ అనుభవంతో, 1993 నాటి రాజ్యాంగంలో కేంద్ర బ్యాంకు ప్రభుత్వానికి అప్పు ఇవ్వకూడదని నిషేధం రాసుకున్నారు. 2006 నుంచి ఆ బ్యాంకుకు హూలియో వెలార్డే అధ్యక్షుడిగా ఉన్నాడు. ఈ కాలంలో, ముఖ్యంగా 2016 తర్వాత, దేశాధ్యక్షులు ఒకరి వెంట ఒకరు పదవి కోల్పోయినా కరెన్సీ పెద్దగా చలించలేదు, నిల్వలు తరగలేదు. అయినా 2004 నుంచి 2013 వరకు ఏటా సగటున 6 శాతం దాటిన వృద్ధి, ఆ తర్వాతి దశాబ్దంలో దానిలో సగానికి కూడా చేరలేదు. రాగి ధర తగ్గడం ఒక కారణం. నెలల్లో మారిపోయే మంత్రుల చేతుల్లో గనుల అనుమతులు, రోడ్లు, బడులు ఏళ్ల తరబడి నిలిచిపోవడం మరో కారణం. అవి కేంద్ర బ్యాంకు వడ్డీ రేటుకు లొంగే విషయాలు కావు.